ముప్పై లెక్కపెట్టేదాకా

ఆర్డిస్ నైగార్డ్ కుడి భుజం ఏ రోజున పట్టేసిందో ఆమెకే సరిగా తెలియదు. దెబ్బ తగల్లేదు, ఎక్కడా జారి పడలేదు. కిటికీల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళపాటు, రోజుకి రెండు వందల చెక్క చట్రాలకి తలకంటే ఎత్తున మరలు బిగించిన చెయ్యి అది. జనవరిలో కోటు తొడుక్కుంటుంటే కలుక్కుమంది. ఫిబ్రవరికి వంటగదిలో పై అరలోని కాఫీ డబ్బా అందలేదు. మార్చి వచ్చేసరికి, దువ్వెనని తల దగ్గరికి ఎత్తడం మానేసి తలనే దువ్వెన దగ్గరికి వంచడం అలవాటు చేసుకుంది. ఒంటరి మనిషి ఒంట్లో బాధ ఇలాగే ముదురుతుంది. ఏమైందని అడిగేవాళ్ళు లేనప్పుడు ఎవరికీ ఏమీ కానట్టే ఉంటుంది.

అప్పటికి ఆమెకి నలభై ఏడేళ్ళు. మినెసోటాకి ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దుకి అరగంట దూరంలో స్ప్రూస్ ఫాల్స్ అనే చిన్న ఊరు. ఊళ్ళో సగం ఇళ్ళు ఆ ఫ్యాక్టరీ మీదే బతుకుతాయి. భర్త కర్టిస్ ఆరేళ్ళ కిందట పక్క రాష్ట్రంలోని బిస్మార్క్ ఊళ్ళో పని ఉందని వెళ్ళి అక్కడే ఇంకొకామెతో ఉండిపోయాడు. వెళుతూ వెళుతూ పడవనీ, గాలాలనీ, కుక్కనీ తీసుకుపోయాడు. కర్టిస్ గురించి ఎవరైనా అడిగితే ఆర్డిస్ మామూలుగానే జవాబు చెప్పేది. కుక్క గురించి అడిగితే మాత్రం మాట మార్చేది.

ఆ మే నెలలో, తనతోపాటు చట్రాల దగ్గర పనిచేసే లినెట్ వాళ్ళ అమ్మాయి పెళ్ళి. ఆర్డిస్ పోస్టులో నీలం గౌను తెప్పించుకుంది. జిప్పు వీపు మీద. శనివారం మధ్యాహ్నం తలకి పోసుకుని, గౌను వేసుకుని, జిప్పు కోసం చెయ్యి వెనక్కి పెట్టబోతే మోచెయ్యి నడుము దాటలేదు. జిప్పుకి దారం కట్టి లాగింది. బట్టలు తగిలించే తీగని వంకీ తిప్పి లాగింది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. పక్కింట్లో ఉండేది హోగ్లండ్ అనే ముసలాయన. చలికాలం ఎండ కాసే అరిజోనాలోనూ, వేసవి తన గరాజులోనూ గడిపే మనిషి. ఆయన తలుపు కొట్టి, వెనక్కి తిరిగి నిలబడి, జిప్పు పెట్టమని అడగడం ఆమె వల్ల కాలేదు. చర్చి గంటలు వినబడినంతసేపూ మంచం అంచున కూర్చుంది. తర్వాత గౌను విప్పేసింది.

సోమవారం పనిలో లినెట్‌తో జ్వరం వచ్చిందని చెప్పింది. కేకు ముక్క దాచి ఉంచానంటూ లినెట్ కాగితంలో చుట్టి తెచ్చిచ్చింది. ఆర్డిస్ దాన్ని కారులో కూర్చుని తింది. మర్నాడు డాక్టరుకి ఫోన్ చేసింది. నిద్రపట్టని నొప్పికి వెళ్ళని మనిషి జిప్పు కోసం వెళ్ళింది.

డాక్టరు ఫిజియోథెరపీకి పంపాడు. అక్కడ కిర్సీ మాకి అనే ఆవిడ ఉండేది. ముప్పై కూడా నిండలేదు, పాడి రైతు కూతురు, చేతులు మాత్రం పెద్దవి. మొదటిరోజే తన అరచేతిని ఆర్డిస్ వీపు పైన రెక్క ఎముక మీద ఆనించి, ఇంకో చేత్తో ఆమె చెయ్యిని మెల్లగా ఎత్తింది.

“లాగుతున్నట్టుండటం వేరు, నొప్పి వేరు. ఆ తేడా మీకే తెలియాలి, నాకు తెలియదు. లాగుతున్నట్టుంది అనిపించిన చోట ఆగండి. ఆగి, ఊపిరి బిగబట్టకుండా ముప్పై లెక్కపెట్టండి.”

ఆర్డిస్ తల ఊపింది గానీ ఇంటికెళ్ళి తన ఇష్టం వచ్చినట్టే చేసింది. గోడకి చెయ్యి ఆనించి, పళ్ళు బిగించి, ఊగుతూ తోసింది. తొందరగా తగ్గాలంటే గట్టిగా చెయ్యాలనే ఆమె లెక్క. మూడోరోజుకి చెయ్యి అంతకుముందు లేచినంత కూడా లేవలేదు. కిర్సీ చూసి అడిగింది, ఎవరి మీద కోపం ఈ భుజం మీద తీర్చుకుంటున్నారని.

“మా నాన్న ఆవుల్ని తోలుకెళ్ళేటప్పుడు చూశాను,” అంది కిర్సీ. “తాడు పట్టి గుంజితే ఆవు కాళ్ళు తన్నిపెట్టి నిలబడిపోతుంది. తాడు కాస్త బిగించి ఊరికే నిలబడ్డామనుకోండి, కాసేపటికి అదే ఒక అడుగు వేస్తుంది. కండరం కూడా అంతే. ముందు ఒళ్ళు వెచ్చబడనివ్వండి. పది నిమిషాలు నడిచి రండి. ఆ తర్వాతే సాగదీయండి. ఇవాళ ఎంత సాగిందో చూసుకోకండి, నెల తర్వాత చూసుకోండి.”

మొత్తం పన్నెండు సార్లు వెళ్ళింది. చెయ్యి మొదట చెవి దాకా, తర్వాత నడినెత్తి దాకా లేచింది. పన్నెండోసారి కిర్సీ, ఇంక నా అవసరం లేదు, రోజూ చేసుకుంటూ ఉండండి చాలు అని నవ్వి, రెక్క ఎముక మీంచి చెయ్యి తీసేసింది. ఆర్డిస్ థాంక్స్ చెప్పి బయటికొచ్చి కారులో కూర్చుంది. తాళం తిప్పలేదు. ఆరేళ్ళలో తన ఒంటి మీద ఆనిన మనిషి చెయ్యి అదొక్కటేనని అప్పుడు తట్టింది. వీపు మీద ఆ చోటు ఇంకా వెచ్చగానే ఉంది. అది చల్లారాక ఇంటికి బయల్దేరింది.

చెప్పినట్టే రోజూ చేసింది. పొద్దున్నే మంచులో వీధి చివరిదాకా నడిచి వచ్చి, వంటగదిలో పాత దుప్పటి పరుచుకునేది. భుజంతో మొదలుపెట్టి పిక్కలకీ, తొడల వెనకకీ, తుంటికీ, నడుముకీ వెళ్ళింది. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని బొమ్మలు చూసి నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి మోకాళ్ళు వంచకుండా రెండు అరచేతులూ నేలకి ఆనించగలిగింది. ఆనించి, తల తిప్పి చూస్తే బల్ల కాళ్ళూ, పొయ్యి కింద దొర్లిన బఠాణీ గింజా కనబడ్డాయి. ఇదిగో చూడు అని చెప్పడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆ చలికాలమే ఫ్యాక్టరీలో నడుములు పట్టేసినవాళ్ళూ, మెడలు పట్టేసినవాళ్ళూ ఎక్కువయ్యారు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరూ ఒళ్ళు సాగదీసుకోవాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. సూపర్‌వైజర్ గోర్డన్ ఓస్ట్‌బీ కాగితం చూసి అరుస్తుంటే, చలిలోంచి అప్పుడే వచ్చిన నలభై రెండు మంది బూట్లతో, కోట్లతో వంగి వంగి ఊగేవారు. రెండో వారంలో గాజు విభాగంలో ఒకడు అలా ఊగుతూనే పిక్క పట్టేసి కుంటుకుంటూ ఇంటికి పోయాడు. దెబ్బలు తగలకుండా చేసే వ్యాయామంలో దెబ్బ తగిలిందని ఆ రోజంతా నవ్వులే.

ఆర్డిస్ నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఆ మధ్యాహ్నం మాత్రం గోర్డన్ గది ముందు నిలబడి, చల్లటి కండరాన్ని అలా గుంజకూడదని చెప్పింది. ముందు రెండు నిమిషాలు ఉన్నచోటే నడిపించమంది. ఊగడం మాన్పించమంది. ఒక్కో చోట ముప్పై లెక్కపెట్టేదాకా ఆపమంది. గోర్డన్ ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, ఆ కాగితంతో విసిగిపోయి ఉన్నాడు. “అయితే రేపట్నుంచి మీరే చేయించండి” అన్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి, అద్దాలు పేర్చి తెచ్చే చెక్క పీటని తిరగేసి వేశారు. ఆర్డిస్ దాని మీద ఎక్కి నిలబడింది. వెనక వరసలోంచి ఎవడో వినబడట్లేదన్నాడు. ఇంకొకడు, “ఆవిడ ఇంకా ఏమీ అనలేదురా” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రెండోవాడు రోలాండ్ డెజార్లే. గాజు కోసే చోట ముప్పై ఏళ్ళుగా ఉన్నాడు, యాభై దాటాయి, పని ఎంత బాగా చేస్తాడో ఎదుటివాళ్ళని అంత బాగా ఏడిపిస్తాడు. ఆమెకి రబ్బరమ్మ అని పేరు పెట్టింది కూడా అతనే. వారం తిరిగేసరికి ఫ్యాక్టరీ అంతా అదే పేరు. “ఏమ్మా రబ్బరమ్మా, ఇవాళ ఎక్కడ విరుస్తావు మమ్మల్ని?” అంటూ వచ్చి ముందు వరసలోనే నిలబడేవాడు.

ఏడాదిలో ఒళ్ళు పట్టేసి ముగ్గురు సెలవు పెట్టాల్సిన చోట ఒక్కరే పెట్టారు. ఆ సంగతి ఎవరూ ఆమెతో అనలేదు. పొద్దున ఏడు నిమిషాలు నలభై రెండు మంది ఆమె చెప్పినట్టల్లా చేతులెత్తేవారు, దించేవారు. ఎనిమిదో నిమిషం నుంచి ఆమెతో పని లేదు. పన్నెండింటికి ఆమె భోజనం డబ్బా తీసుకుని, కోకాకోలా మిషను పక్కన ఉన్న చిన్న బల్ల దగ్గరే కూర్చునేది. లినెట్ రిటైరయ్యాక ఎదుటి కుర్చీ ఖాళీ.

అయితే పీట మీంచి చూసీ చూసీ ఆమెకి ఒకటి పట్టుబడింది. మనుషుల ముఖాలు దాచినవి ఒళ్ళు దాచలేదు. ఎవరు రాత్రి సోఫాలో పడుకున్నారో మెడ చెప్పేది. ఎవరికి కడుపు నిలిచిందో నడుము చెప్పేది, వాళ్ళు నోటితో చెప్పడానికి నెల ముందే. ఆమె ఎవరితోనూ అనేది కాదు. అంతమంది గురించి అంత తెలిసీ, వాళ్ళలో ఒక్కరి ఇంటికైనా వెళ్ళి ఎరగదు.

ఐదో ఏడు నవంబరులో రోలాండ్ ఎడమ చెయ్యి చెవి దగ్గర ఆగిపోయింది. కుడి చెయ్యి నిటారుగా లేస్తే, ఎడమది మోచేతి దగ్గర మడిచి టోపీ సర్దుకుంటున్నట్టు నటించాడు. మర్నాడూ అంతే. ఆర్డిస్‌కి ఆ నటన బాగా తెలుసు, తనూ దువ్వెనతో అదే చేసింది. మూడు రోజులు ఆలోచించి, కాఫీ వేళ అతని బల్ల దగ్గరికి వెళ్ళింది. నలుగురున్నారు. గొంతు తగ్గించి, ఎడమ భుజం డాక్టరుకి చూపించుకుంటే మంచిదని, ముదిరితే కష్టమని చెప్పింది.

రోలాండ్ కప్పు దించాడు. “ఇంట్లో చూసుకోడానికి నీకెవరూ లేరని మా చేతులూ కాళ్ళూ చూస్తూ కూర్చున్నావా?”

బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆర్డిస్ సరే అని తన చోటికి వచ్చేసింది. ఆ రోజు ఎన్ని చట్రాలు బిగించిందో గుర్తులేదు. ఇంటికెళ్ళి వంటగదిలో దుప్పటి పరుచుకుంది గానీ దాని మీద ఊరికే పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయింది. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే ఆమెకి మింగుడుపడలేదు.

మర్నాడు పీట ఎక్కలేదు. ఇవాళ్టి నుంచి కొత్తది ఒకటి అని, అందరినీ గోదాం పొడుగాటి గోడ దగ్గరికి నడిపించింది. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళు గోడకి ఆనించి, సాలీడు పాకినట్టు మెల్లగా పైకి నడిపించాలి. లాగుతున్నట్టనిపించిన చోట ఆగి ముప్పై లెక్కపెట్టాలి. ముందు ఎడమ, తర్వాత కుడి. నలభై రెండు మంది గోడకి ముఖం పెట్టి నిలబడ్డారు. పోలీసులు పట్టుకున్నట్టుందిరా అని ఒకడు గొణిగాడు. రోలాండ్ వేళ్ళు లైటు స్విచ్చుకి జానెడు పైన ఆగిపోయాయి. ఆర్డిస్ అతని వెనకనుంచే నడిచి వెళ్ళింది, అతన్ని చూడలేదు.

ఆ చలికాలమంతా రోజూ అదే. విసుక్కున్నారు, గోర్డన్‌తో చెప్పుకున్నారు. ఆమె మానలేదు. జనవరికి రోలాండ్ వేళ్ళు మంటల అలారం పెట్టె దాకా వెళ్ళాయి. మార్చికి దానికి పైన గోడ మీదున్న పచ్చరంగు గీతని తాకాయి. ఏప్రిల్‌లో ఒకరోజు అతను హాజరు గడియారంలో కార్డు గుద్దుతూ, పక్కన నిలబడ్డ ఆమె వైపు తిరక్కుండానే అన్నాడు.

“రాత్రి ఎడమ పక్కకి తిరిగి పడుకున్నా.”

“మంచిది,” అంది ఆర్డిస్.

అంతకుమించి ఏమీ లేదు. మర్నాడు పన్నెండింటికి అతను తన డబ్బా పట్టుకొచ్చి ఆమె ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. పొగబెట్టిన చేప ముక్క ఒకటి ఆమె వైపు తోశాడు. పెళ్ళాం పోయి నాలుగేళ్ళయిందని, ఇంట్లో టీవీ ఆపకుండా పెట్టే ఉంచుతానని ఆ బల్ల దగ్గర ఆమెకి తెలిసింది. ఏడిపించడం మాత్రం మానలేదు.

ఆమెకి యాభై ఏడేళ్ళు వచ్చిన సంవత్సరం కొత్త మేనేజరు వచ్చాడు. ఆ ఏడు నిమిషాలకి ఎన్ని కిటికీలు తగ్గుతున్నాయో లెక్కకట్టి, కావలసినవాళ్ళు ఇంట్లో చేసుకుని రావచ్చని నోటీసు అంటించాడు. సోమవారం పొద్దున ఆరింటికి గంట కొట్టగానే అందరూ తిన్నగా మిషన్ల దగ్గరికి వెళ్ళిపోయారు. పీట కూడా లేదు, అద్దాలతో ఎటో పోయింది. ఎనిమిదేళ్ళుగా నిలబడ్డ చోట నిలబడి, చేతులు ఏం చెయ్యాలో తెలియక ఆర్డిస్ వాటిని కోటు జేబుల్లో పెట్టుకుంది.

మర్నాడు పది నిమిషాలు ముందే వచ్చింది. గోడ దగ్గర రోలాండ్ ఒక్కడే వేళ్ళు ఆనించి నిలబడి ఉన్నాడు.

“ఏంటలా చూస్తున్నావ్? లెక్కపెట్టు. నేను తొందర తొందరగా పెట్టేస్తున్నా.”

ఆమె లెక్కపెట్టింది. ఆ వారంలో గాజు విభాగంలోంచి ఇంకో ఐదుగురు వచ్చి కలిశారు. అది కంపెనీ టైము కాదు, సొంత టైము, ఎవరూ వద్దనలేకపోయారు. అయితే చలి ముదిరేకొద్దీ పది నిమిషాల నిద్ర తియ్యగా ఉంటుంది. ఐదుగురు ముగ్గురయ్యారు. వసంతం వచ్చేసరికి మళ్ళీ వాళ్ళిద్దరే మిగిలారు.

ఆ జూన్‌లో రోలాండ్ రిటైరయ్యాడు. సుపీరియర్ సరస్సు ఒడ్డున తమ్ముడు పడవలు బాగుచేస్తాడు, తోడుగా అక్కడికే వెళుతున్నానన్నాడు. చివరిరోజు గాజు మీద అంటించే చీటీ ఒకటి చింపి, వెనక ఫోన్ నెంబరు రాసిచ్చాడు. ఇచ్చి, కాసేపు బూటు కొనతో నేల గీరాడు.

“ఆ రోజు కాఫీ దగ్గర నేనన్న మాట—”

“ఏ రోజు?” అంది ఆర్డిస్.

అతను ఆమె ముఖంలోకి చూసి, తల ఊపి, వెళ్ళిపోయాడు.

చీటీని ఆమె ఫ్రిజ్జుకి అంటించింది, కానీ ఫోన్ చెయ్యలేదు. ఫోన్ చేస్తే ఏం చెప్పాలి? అన్నీ బాగానే ఉన్నాయి, గోడ ఉంది, కొత్తవాడొకడు గాజు వంకరగా కోస్తున్నాడు, ఇంతేగా. పొద్దున్నే వచ్చి ఒక్కతే గోడ దగ్గర నిలబడేది. ఒకరోజు అలవాటు కొద్దీ పైకే లెక్కపెడుతోంది. పదిహేడు దగ్గర, కాఫీ కప్పులతో పోతున్న ఇద్దరు అమ్మాయిలు ఆగి చూడటం గమనించి ఆపేసింది. మిగతా పదమూడూ మనసులో పెట్టుకుంది. ఆ తర్వాత ఇంట్లోనే చేసుకోవడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం, పట్టపగలు, సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. రోడ్డు పక్కన ఉత్తరాల పెట్టె చూడ్డానికి వెళ్ళింది. కొత్త మంచు కింద పాత మంచుగడ్డ ఉంది. కుడి కాలు ముందుకీ ఎడమ కాలు వెనక్కీ జారిపోయి, కత్తెర తెరిచినట్టు రెండు కాళ్ళూ చాపుకుని నేల దాకా వెళ్ళింది. అలాగే ఉండి, కదలకుండా, ఒళ్ళు ఏమంటుందో వింది. తొడ వెనక గట్టిగా లాగుతోంది. తుంటిలోనూ లాగుతోంది. నొప్పి కాదు. ఆ తేడా ఆమెకి ఇప్పుడు నిద్రలో అడిగినా తెలుస్తుంది. రెండు చేతులూ మంచు మీద ఆనించి, వెనక మోకాలిని మెల్లగా ముందుకి తెచ్చుకుని, లేచి నిలబడింది. కోటు దులుపుకుంది.

వీధి అటు చివర నుంచి ఇటు చివరిదాకా ఖాళీ. హోగ్లండ్ ఇంటి కిటికీలకి పరదాలు వేసి ఉన్నాయి, ఆయన ఏప్రిల్ దాకా రాడు. పోయిన చలికాలం ఇదే వీధిలో, ఆమెకంటే చిన్నది, ఒకామె ఇలాగే జారి తుంటి విరిగి గంటన్నర మంచులో పడి ఉంది. ఆర్డిస్‌కి అది అప్పుడు గుర్తొచ్చింది. దాంతోపాటు నవ్వూ వచ్చింది. మెట్టు మీద కూర్చుని, నోట్లోంచి ఆవిరి వస్తుంటే ఒక్కతే నవ్వింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇంత మంచి సంగతి చాలా ఏళ్ళుగా ఆమె దగ్గర లేదు.

లోపలికెళ్ళి కాఫీ పెట్టుకుంది. తాగడం అయ్యేదాకా ఫ్రిజ్జు వైపు చూడలేదు. తర్వాత లేచి, చీటీ చూస్తూ నెంబరు నొక్కింది. నాలుగు సార్లు మోగింది. వెనక సుత్తి చప్పుడు, మీదనుంచి అతని గొంతు. ఎవరని అడిగాడు. చెప్పింది. సుత్తి చప్పుడు ఆగింది.

“ఎనిమిది నెలలు పట్టిందా నెంబరు చదవడానికి?”

“నేను పడ్డాను,” అంది ఆర్డిస్. “మంచులో. కాళ్ళు రెండూ చెరో వైపుకి పోయాయి.”

“ఎన్ని ముక్కలయ్యావ్?”

“ఒక్కటే ముక్క. నా అంతట నేనే లేచాను.”

అతను నవ్వలేదు. ఏ కాలు ముందుకెళ్ళిందని, తుంటి ఎలా ఉందని, మెట్లెక్కి చూసిందా అని ఒక్కొక్కటే అడిగాడు. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. తన భుజం బాగానే ఉందన్నాడు, తమ్ముడి నడుమే కొయ్యబారిపోయి ఉందని, వాణ్ణి గోడ దగ్గర నిలబడమంటే బూతులు తిడుతున్నాడని చెప్పాడు. వెచ్చబడకుండా మొదలుపెట్టించావేమో అంది ఆర్డిస్. కావచ్చన్నాడు. పదకొండు నిమిషాలు మాట్లాడుకున్నారు. వేసవిలో ఇటొస్తే చేపలు పొగబెట్టి పెడతానని అతనన్నాడు. చూస్తానని ఆమె అంది. చూస్తాననే మాటకి వెళ్ళనని అర్థమో వెళతానని అర్థమో ఆమెకి కూడా తెలియదు.

ఫోన్ పెట్టేశాక ఇల్లు మళ్ళీ ఎప్పట్లాగే చప్పుడు లేకుండా అయింది. కుర్చీ మీద వేసిన కోటుకి పట్టిన మంచు కరిగి నేల మీద బొట్లు బొట్లుగా పడుతోంది. ఆర్డిస్ దాన్ని తుడిచింది. తొడ ఇంకా కొంచెం లాగుతూనే ఉంది గనక ఇవాళ్టికి దాన్ని ఊరికే వదిలేద్దామనుకుంది. ఉత్తరాల పెట్టె తెరవనేలేదని అప్పుడు గుర్తొచ్చి, ఈసారి బూడిద డబ్బా పట్టుకుని, కాలు జారకుండా అడుగడుక్కీ చల్లుకుంటూ బయటికి నడిచింది.